స్టాక్‌యార్డులో సీరియల్ మార్చింది నూకరాజు కాదు

గోపాలపట్నంలో మా వీధి చివర ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉంది. అక్కడి మాస్టారు అప్పుడప్పుడు పిల్లల్ని మా ఇంటికి పంపిస్తుంటాడు, అనుభవం ఉన్నవాడు ఏదో ఒకటి చెప్తాడని. ఏ సర్టిఫికెట్టు చేస్తే మంచిది, ఏ కంపెనీలో చేరితే మంచిది అని అడుగుతారు. ఆ రెండూ నాకు తెలియవు. యాభై దాటగానే స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్నవాణ్ణి. సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం ఒక్కటే నేను చేసిన పని. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమీ జరగకుండా చూడటం. ఏమీ జరగనంత కాలం ఆఫీసులో మీ పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. ఏదైనా జరిగిన రోజు అందరూ మీ బల్ల చుట్టూ నిలబడతారు. అప్పుడు నోరు తెరిచి ఏం చెబుతారన్నదే అసలు ఉద్యోగం. మిగతాదంతా సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది.

నా బల్ల చుట్టూ నిలబడిన రోజున నేను చెప్పాల్సింది చెప్పలేదు. దానివల్ల నూకరాజు అనే మనిషి ఉద్యోగమూ పోయింది, పేరూ పోయింది. ఇది రాయడం అందుకే. మీకు పనికొచ్చే సంగతులు మధ్యలో వస్తాయి.

లారీల సీరియల్

తొంభైల చివర్లో గాజువాక వైపు ఒక ప్రైవేటు ఉక్కు స్టాక్‌యార్డులో పనిచేశాను. ఇనుప చువ్వలు, యాంగిళ్ళు, రేకు చుట్టలు అక్కడికొచ్చి, అక్కడినుంచి లారీల్లో దేశం మీదికి పోయేవి. ముందొచ్చిన లారీకి ముందు లోడు. దాన్నే సీరియల్ అంటారు. సీరియల్ వచ్చేదాకా డ్రైవరు లారీ పక్కనే వండుకుని, లారీ కిందే పడుకుని, లారీ చాటునే స్నానం చేస్తాడు. అతని దగ్గర మీరు ఏ విషయంలోనైనా తప్పించుకోవచ్చు గానీ సీరియల్ విషయంలో తప్పించుకోలేరు.

పూర్వం గేటు దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవారు. ఎవరో ఒకరు చొక్కా చేతితో తుడిచేసేవారు. రోజూ కొట్లాటే. అందుకని కంపెనీ కంప్యూటర్ పెట్టింది. ఒక్కో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు తన లారీ నంబర్ల ఫైలును టెలిఫోన్ లైను మీద మాకు పంపుతుంది. మా దగ్గర ఫైళ్ళు అందుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒకటి వాటిని దింపుకుంటుంది. ఇంకో ప్రోగ్రామ్ వాటిని కలిపి సీరియల్ తయారుచేస్తుంది. దాన్ని అచ్చుతీసి గేటుకి అంటిస్తాం. కంప్యూటర్‌ని చొక్కాతో తుడవలేరు కదా అని అందరూ సంతోషించారు.

సర్వర్ బాధ్యత నాది. ఆపరేటర్ నూకరాజు. భీమునిపట్నంలో (అందరూ భీమిలి అంటారు) చేపల వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. వాళ్ళ వీధిలో డిగ్రీ చదివింది అతనొక్కడే. రెండు బస్సులు మారి వచ్చేవాడు, నాకంటే ముందే వచ్చేవాడు. డ్రైవర్లందరూ అతనికి బావలే.

"ఏటి బావా, మా బండి ఎప్పుడు పిలుత్తారు?"

"నీ బండి అవతారం సూసి లోడే భయపడతన్నాది బావా. తానం సేయించి తే."

మేనేజరు కృష్ణమూర్తిగారిది కృష్ణా జిల్లా. మా నాన్న గోదావరి జిల్లానుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చినవాడు. ఆ జిల్లాలు రెండూ ఒకటి కావు గానీ, విశాఖపట్నంలో కూర్చుంటే ఒకటే అనిపిస్తాయి. ఆయన నన్ను "మనవాడు" అనేవాడు. ఎదురుగా నూకరాజు ఉన్నప్పుడు కూడా అనేవాడు. ఆ మాట నాకు బాగానే ఉండేది.

అందరికీ అన్నీ

ఫైళ్ళు అందుకునే సాఫ్ట్‌వేర్ అంటే గుమ్మం దగ్గర నిలబడే వాచ్‌మన్ లాంటిది. బయటివాళ్ళు తెచ్చిన కవరు తీసుకుని ఒక పెట్టెలో వెయ్యాలి. అంతే పని. దానికి ఒక్క పెట్టె తాళం చాలు. కానీ ఆ రోజుల్లో అలాంటి సాఫ్ట్‌వేర్‌ని మెషీన్ మొత్తం మీద అధికారంతో నడిపేవాళ్ళం. మేనేజరు గదీ, బీరువాలూ, అన్నిటి తాళాలూ వాచ్‌మన్ నడుముకి కట్టి గుమ్మం దగ్గర కూర్చోబెట్టడం అన్నమాట. కారణం ఏమీ లేదు. అలా పెడితే ఏ గొడవా లేకుండా పనిచేస్తుంది.

ఆ వాచ్‌మన్ మనవాడైనంత కాలం బాగానే ఉంటుంది. ఎవడో ఆ యూనిఫారం వేసుకుని అదే కుర్చీలో కూర్చుంటే, తాళాలు వాడివైపోతాయి. చిన్న అధికారంతో లోపలికి వచ్చినవాడు ఇలా పెద్ద అధికారం చేజిక్కించుకోవడాన్ని మీ పుస్తకాల్లో ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. కంప్యూటర్‌లో యూనిఫారం మార్చుకోవడం చాలా సులువు. అసలు ప్రోగ్రామ్ ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, అదే పేరుతో నీ ఫైలు అక్కడ పెడితే చాలు. మెషీన్ మళ్ళీ ఆన్ అయినప్పుడు నీ ఫైలే నడుస్తుంది, పూర్తి అధికారంతో. అయితే ఆ ఫోల్డర్‌లో రాయడానికి నీకు అనుమతి ఉండాలి.

ఆ అనుమతి నేనిచ్చాను.

వానాకాలంలో ఒక పొద్దున ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ఫైళ్ళు రావడం ఆగిపోయింది. ఏ ఫైలు పంపినా అనుమతి లేదని తిప్పికొడుతోంది. బయట లారీలు హైవే దాకా నిలిచిపోయాయి. కృష్ణమూర్తిగారు గొడుగుతోనే నా గదిలోకి వచ్చారు.

"ఏమయ్యా, పోలీసులు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఏమంటోంది నీ కంప్యూటర్?"

"అనుమతి లేదంటోంది సార్."

"ఎవరి అనుమతి కావాలి దానికి? నాదా? ఇచ్చాను. పోనివ్వు."

ఎక్కడ తేడా వచ్చిందో వెతకాలంటే మధ్యాహ్నం అయ్యేది. డ్రైవ్ మొత్తం మీద అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేశాను. మౌస్‌తో ఒక్క టిక్కు. ఫైళ్ళు గలగలా వచ్చిపడ్డాయి. కృష్ణమూర్తిగారు మిరపకాయ బజ్జీలు తెప్పించారు. సాయంత్రం తీరుబడిగా మళ్ళీ బిగిద్దామనుకున్నాను. బిగించలేదు. పనిచేస్తున్నదాన్ని ముట్టుకుని మళ్ళీ లారీలు ఆపే ధైర్యం నాకు లేదు. అప్పటికే ఇంకో ఘనకార్యం కూడా చేసి ఉన్నాను. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు పాస్‌వర్డులు మర్చిపోయి ప్రాణం తీస్తున్నాయని అందరికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చాను. అంటే ఎవడైనా లోపలికి వచ్చి ఏదైనా చెయ్యొచ్చు, ఎవడో మాత్రం తెలియదు.

దసరా

మా సర్వర్‌ని ఏడాది పొడుగునా ఆపేవాళ్ళం కాదు. ఆయుధ పూజ రోజున మాత్రం ఆపేవాళ్ళం. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి ఇవ్వాలని కృష్ణమూర్తిగారి పట్టుదల. లారీలు కడిగి అరటి పిలకలు కట్టినట్టే, క్రేన్లకు బూడిద గుమ్మడికాయ కొట్టినట్టే, సర్వర్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళు. కుంకుమ ఫ్యాన్‌లోకి పోకుండా చూడటం నా వంతు.

ఆ ఏడు నేను రాజమండ్రి దగ్గర మా అత్తవారింట్లో ఉన్నాను. నూకరాజే పూజకి అన్నీ సిద్ధం చేశాడు. హారతి అయ్యాక కృష్ణమూర్తిగారు, "నువ్వే ఆన్ చెయ్యి నూకరాజూ, నీ చెయ్యి మంచిది" అన్నారట. అతను ఆన్ చేశాడు. అందరూ చప్పట్లు కొట్టి పులిహోర తిన్నారు.

ఆ మర్నాటినుంచి సీరియల్ తప్పింది. కొన్ని లారీలు వచ్చీ రాగానే ముందుకి పోతున్నాయి. కొన్ని ఎంతకీ కదలడం లేదు. సన్యాసి అనే డ్రైవరు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, గేటుకి అంటించిన కాగితం చింపి పట్టుకొచ్చి నూకరాజు బల్ల మీద కొట్టాడట.

"నిన్న నా ముందర ఎనిమిది బళ్ళున్నాయి. ఇయాల పదకొండున్నాయి. నా బండి నిలబడిన సోటే ఎనక్కి నడుత్తన్నాదేటి బావా?"

"నాకేటి తెల్సు బావా, మెసీను ఇచ్చిందే నాను అంటించినాను."

"మెసీనుకి బొట్టెట్టినావు గదా. మాకు మాత్రం నామం ఎట్టినావు."

నేను తిరిగి వచ్చేసరికి డ్రైవర్లు గేటు ముందు కూర్చున్నారు. యార్డు మూసేశారు. సీరియల్ ఫైలు అడ్మినిస్ట్రేటర్ స్థాయి అధికారంతో మారిందని మెషీన్ రికార్డులో ఉంది. ఆ పాస్‌వర్డు నా దగ్గరా, నూకరాజు దగ్గరా ఉంది. నేను ఊళ్ళో లేను. మార్పులు మొదలైంది అతను ఆన్ చేసిన కాసేపటికే. ఇంత శుభ్రంగా ఉన్న కేసు నేను మళ్ళీ చూడలేదు.

సర్వర్ ముందు కూర్చుని ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచాను. ఫైళ్ళు అందుకునే సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఉండకూడని ఫైలు ఒకటి కనిపించింది. అది మా అసలు ప్రోగ్రామే, పేరు మారిపోయి ఉంది. అసలు పేరుతో ఉన్నది వేరే ప్రోగ్రామ్. సైజు వేరు. అది వినాయక చవితి ముందే అక్కడికి వచ్చినట్టు తేదీ చెబుతోంది. అంటే మా ఉమ్మడి లాగిన్‌తో ఎవరో వచ్చి, నేనిచ్చిన హక్కుతో యూనిఫారం మార్చేసి వెళ్ళారు. మేము సర్వర్ ఎప్పుడూ ఆపం కాబట్టి అది అన్నాళ్ళూ ఊరికే పడి ఉంది. పూజ కోసం ఆపి, ఆన్ చెయ్యగానే లేచి కూర్చుంది. ఆన్ చేసిన చెయ్యి ఎవరిదైనా అదే జరిగేది. కృష్ణమూర్తిగారు సరదాపడి తనే నొక్కి ఉంటే ఆయన నొక్కిన కాసేపటికే మొదలైందని ఆ రికార్డు చెప్పేది.

ఇదంతా అర్థం కావడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. తర్వాత నేను చేసింది ఇది. దొంగ ప్రోగ్రామ్ తీసేశాను. అసలుదాన్ని కొత్తగా పెట్టాను. హక్కులు బిగించాను. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు వేరువేరు లాగిన్లు ఇచ్చాను. మెషీన్ బ్రహ్మాండంగా తయారైంది. నూకరాజుని కాపాడగలిగిన సాక్ష్యం ఒక్కటి కూడా దాంట్లో మిగల్లేదు.

విచారణ

విచారణ కృష్ణమూర్తిగారి గదిలోనే జరిగింది. హెడ్డాఫీసునుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకి కంప్యూటర్లు తెలియవు. ఆ సంగతి ఆయనే ముందుగా చెప్పుకున్నారు. మర్యాదస్తుడు.

"పాస్‌వర్డు ఎంతమందికి తెలుసు?" అని నన్ను అడిగారు.

"ఇద్దరికి సార్. నాకూ, నూకరాజుకీ."

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"రాజమండ్రి దగ్గర సార్."

"ఇప్పుడు మెషీన్ సరిగ్గా ఉందా?"

"ఉంది సార్."

నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అబద్ధం ఆడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పాస్‌వర్డు లేకుండా కూడా ఇది చెయ్యొచ్చా అని ఆయన అడగలేదు. అలా అడగాలని ఆయనకి తెలియదు. తెలిసినవాణ్ణి నేను, అడగలేదు కదా అని ఊరుకున్నాను.

నూకరాజు నిలబడే ఉన్నాడు. అతనికి కుర్చీ వెయ్యలేదు.

"నాను నొక్కింది ఒక్క స్విచ్చే సార్. అదీ మేనేజరు సారు నొక్కమంతే నొక్కినాను. మెసీను సంగతి ఈ సార్‌కి తెల్సు. ఈ సార్ని అడగండి."

అని నా వైపు చూశాడు. పెద్దాయన కూడా చూశారు. కృష్ణమూర్తిగారు, "అడిగాంగా, మనవాడు చెప్పాల్సింది చెప్పాడు" అన్నారు. నేను బల్ల మీది పేపర్‌వెయిట్‌ని చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. చెబితే హక్కులు ఎవరిచ్చారన్న ప్రశ్న వచ్చేది. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే పెద్ద కారణాలేమైనా ఉన్నాయేమోనని చాలా వెతికాను. లేవు. ఆ గదిలో నన్ను నమ్మడం అందరికీ సులువు, అతన్ని అనుమానించడం కూడా సులువు. ఆ సులువును నేను వాడుకున్నాను. అది కూడా రాయాలి.

నూకరాజుని తీసేశారు. సీరియల్ మార్చింది ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను.

ఈ జబ్బు చాలా చోట్ల ఉంది

తర్వాత పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో చేరాను. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటింది. ఇంటర్నెట్టు వచ్చింది, ఫైళ్ళు అందుకునే సాఫ్ట్‌వేర్లు రకరకాలుగా వచ్చాయి. అవి తయారుచేసినవాళ్ళు విడుదల చేసే హెచ్చరికలు చదవడం నాకు జపంలా అలవాటైపోయింది. చాలావాటిది ఇదే జబ్బు. పని చిన్నది, అధికారం పెద్దది. ఒకదాన్లో తయారీదారు తన సౌకర్యం కోసం లోపల ఒక అడ్మినిస్ట్రేటర్ ఖాతా దాచిపెట్టాడు. ప్రపంచంలో అమ్మిన ప్రతి కాపీకీ దాని పాస్‌వర్డు ఒకటే. ఆ సాఫ్ట్‌వేరే మా దగ్గరా ఉంది.

అక్కడి బాస్ పద్మజగారు. ఆవిడ గదిలోకి వెళ్ళాను.

"మేడమ్, సర్వర్ ఇప్పుడే ఆపాలి."

"ఓడ బయట లంగరేసి ఉందండీ. సరుకు వివరాలు పంపకపోతే లోపలికి రానివ్వరు. ఆపకపోతే ఏమవుతుంది?"

"ఫైళ్ళు పంపే గుమాస్తా ఎవరైనా తలుచుకుంటే మీకంటే పెద్ద అధికారి అయిపోతాడు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకంటే పెద్దవాళ్ళు ఈ ఆఫీసులో ఇప్పటికే ఎక్కువైపోయారు. ఆపండి."

ఆపాను. బాగుచేశాను. ఓడ కాస్త ఆలస్యంగా లోపలికి వచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు. అలాంటి బాస్ దొరికితే వదులుకోకండి. వెళ్ళబోతుంటే ఆవిడ, "ఇంత కంగారుగా వచ్చారు, ఇదివరకు ఎక్కడైనా ఇలా జరిగిందా?" అని అడిగారు.

"లేదు మేడమ్" అన్నాను. ఈసారి నేరుగా అబద్ధమే. అడిగినా చెప్పలేదు.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. బయటివాళ్ళ ఫైళ్ళు అందుకునే ప్రోగ్రామ్‌కి దాని పనికి సరిపడా చిన్న ఖాతా ఇవ్వండి. అది ఉండే ఫోల్డర్‌లో ఇంకెవరూ రాయకుండా చూడండి. ఎవరి లాగిన్ వాళ్ళకుండాలి, మర్చిపోతే మర్చిపోయినన్నిసార్లు కొత్తది ఇవ్వండి, విసుక్కోకండి. తొందరలో ఇచ్చిన హక్కు ఆ పూటే వెనక్కి తీసుకోండి. ఏదైనా జరిగితే మాత్రం చేతులు కట్టుకుని కూర్చోండి. ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి, ఇంకో మనిషిని పిలిచి చూపించండి. బాగుచెయ్యడం తర్వాత. నేను చాలా చురుగ్గా బాగుచేశాను.

భీమిలి

కిందటేడు కోచింగ్ సెంటర్ పిల్లలకి ఈ దసరా కథ తమాషాగా చెప్పాను. బొట్టు పెట్టిన సర్వర్, ఆన్ చెయ్యగానే లేచిన దొంగ ప్రోగ్రామ్. నూకరాజు పేరు చెప్పలేదు. అందరూ నవ్వారు. ఒకమ్మాయి నవ్వు ఆపి, "మరి తప్పు ఎవరి మీద పెట్టారు సార్?" అని అడిగింది. నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాను.

ఆ ఆదివారమే భీమిలి బస్సెక్కాను. సముద్రం ఒడ్డున వాకబు చేస్తే చూపించారు. నూకరాజు చేపల పడవలకి ఐసు అమ్ముతున్నాడు. ఐసు కరగకుండా కప్పే రంపప్పొట్టు అంటిన చేతులతోనే నమస్కారం పెట్టి, బల్ల దులిపి కూర్చోమన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. టిక్కు, ఉమ్మడి లాగిన్, పేరు మారిన ఫైలు, నేను తుడిచేసింది. అతను మధ్యలో ఒకసారి కూడా అడ్డు రాలేదు. ఒకరెవరో ఐసు కోసం వస్తే కొట్టి ఇచ్చి పంపి, మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇది నాకెందుకు సెప్తన్నారు సార్?"

"నువ్వు చెయ్యలేదని..."

"నాను సెయ్యనేదని నాకు తెల్సు గదా. ఇన్నేళ్ళబట్టీ తెలిసినోణ్ణి నానొక్కణ్ణే. మీరొచ్చి నాకే సెప్తన్నారు."

అతను ఒడ్డు మీది ఒక పాక వైపు చెయ్యి చూపించాడు.

"ఇక్కడ సంఘం పెట్టినారు. వలలకి లోన్లు, డీజిలు, బోల్డు రాతపని. డిగ్రీ ఉన్నోణ్ణి నాను. నాకిచ్చినారేటి? ఇవ్వనేదు. స్టీలు యార్డులో సీరియల్ మార్సినోడికి రాతపని ఇత్తారా అన్నారు. అన్నదెవుడో తెల్సా? మా మావే. పిల్లనిచ్చిన మావ. ఆయన సంఘం పెద్ద."

"నేనేం చెయ్యను నూకరాజూ?"

అతను ఐసు మీద గోనె కప్పాడు. చేతులు కడుక్కున్నాడు. "తెలీనోళ్ళకి సెప్పండి. పదండి."

నన్ను ఇల్లిల్లూ తిప్పాడు. ముందు వాళ్ళ ఇంటికే. అతని భార్య గుమ్మంలో నిలబడి విని, లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళన్నగారిల్లు. తర్వాత సంఘం వాళ్ళు పేకాడుకునే పాక. అక్కడ ఒకాయన ముక్కలు దించకుండానే, "అయితే ఎవుడు సేసినాడు బాబూ?" అన్నాడు.

"తెలియదు. తలుపు తీసిపెట్టింది నేను."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"ఓర్నాయనో" అని ముక్క వేశాడు. నూకరాజు ఎక్కడా ఒక్క మాట కలపలేదు. నేను ఏదైనా వదిలేస్తే మాత్రం, "ఆ టిక్కు సంగతి సెప్పండి", "తుడిసేసినారు గదా, అది సెప్పండి" అని అందించేవాడు.

చివరికి వాళ్ళ మామ ఇంటికి తీసుకెళ్ళాడు. పెద్దవాడు, అరుగు మీద గోడకి చేరబడి చుట్ట కాలుస్తున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని, విచారణ గదిలో మాట్లాడిన గొంతుతోనే మొదలుపెట్టాను. ఆయన నా పెదాల వైపు చూసి, అల్లుడి వైపు చూశాడు.

"ఏటంతన్నాడ్రా ఈయన?"

"మా మావకి ఇనపడదు సార్," అన్నాడు నూకరాజు. "గట్టిగా సెప్పండి."

నేను లేచి నిలబడ్డాను. వీధిలో వలలు సరిచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూసేలా, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.